అధికారి ఎవరి అరుగు మీద కూర్చున్నాడు?

(పొందూరులో జరిగిన కార్యకర్తల సమావేశంలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును చాలావరకు అలాగే ఉంచాము.)



నాకిచ్చిన అంశం సంఘ సంస్కరణలో ప్రభుత్వం పాత్ర. కరపత్రంలో దాని కింద 'అమెరికా నల్లవాళ్ల అనుభవం' అని కూడా వేశారు. అది చదివించుకుని, ఇందాక ఒక తాత నన్ను పక్కకి పిలిచి అడిగాడు: "మేస్టారూ, మా పేటకి శ్మశానం దారే లేదు. మనకి అమెరికాతో పనేటి?" న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పకుండా ముందుకెళ్తే ఈ సభకి అర్థం లేదు.

పని ఏటంటే, శ్మశానం దారి అడగడానికి వెళ్లినప్పుడు మనకి రెండు జవాబులు ఎదురవుతాయి. మొదటిది ఊరి పెద్దలది. "ఇవన్నీ కేసులతో, చట్టాలతో తేలేవి కావురా. మనుషుల మనసులు మారాలి. ఓపిక పట్టండి" అంటారు. రెండోది మనతో కలిసి నడిచే కొందరు మిత్రులది. "ప్రభుత్వం వాళ్లది. పోలీసు వాళ్లవాడు, కోర్టు వాళ్లది. దాన్ని అడిగి ఏం లాభం?" అంటారు. ఒకరు చట్టం అక్కర్లేదంటారు, ఇంకొకరు చట్టం దండగంటారు. ఇద్దరి మాటా విన్నాక మన దారి మాత్రం అలాగే మూసి ఉంటుంది. ఈ రెండు జవాబులూ అమెరికాలో నల్లవాళ్లకి కూడా చెప్పారు. ఆ తర్వాత ఏం జరిగిందో నూట అరవై ఏళ్ల లెక్క అక్కడ ఉంది. అందుకని అమెరికా.

ముందు మనసుల సంగతి చూద్దాం. మనం కూర్చున్నది పొందూరులో. పొందూరంటే దేశమంతా ఖద్దరు గుర్తొస్తుంది. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, సన్న నూలు వడికే ఆడవాళ్ల చేతి పనితనం గొప్పది, ఎవరూ కాదనరు. ఆ ఖద్దరుతోపాటే మనకొక మాట కూడా వచ్చింది, హృదయ పరివర్తన అని. 1932లో పూనా ఒప్పందం అయ్యాక, అంటరానితనం పోవాలంటే సవర్ణుల హృదయాలు కరగాలని గాంధీగారు ఊరూరా తిరిగారు. ఆయన చిత్తశుద్ధి గురించి నేను మాట్లాడను. కానీ అవతలివాడి హృదయం కరిగేదాకా మన శవం పాడె మీదే ఉండాలా? వాడి గుండె సంగతి వాడికి వదిలేద్దాం. మనకి కావలసింది దారి.

ఇంకో సంగతి గమనించండి. తమ ఇళ్లలో దురాచారాలు పోవాలనుకున్నప్పుడు ఈ పెద్ద కులాల సంస్కర్తలు ప్రభుత్వం దగ్గరికే వెళ్లారు. కన్యాశుల్కం పేరు మీరంతా విన్నదే, మన పక్కనున్న విజయనగరం కథ. చిన్న ఆడపిల్లలను ముసలివాళ్లకి అమ్ముకుంటున్నారని తెలిసి, విజయనగరం మహారాజా ఆనంద గజపతి జాబితాలు తయారు చేయించాడు. దాన్ని అరికట్టడానికి మద్రాసు శాసనమండలిలో బిల్లు పెట్టాడు. ఆ బిల్లు నెగ్గలేదు. అంతకు ముందు 1856లోనే వితంతు వివాహ చట్టం వచ్చింది. అయినా ఆంధ్ర దేశంలో వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో మొదటి పెళ్లి చేయించేసరికి 1881. పాతికేళ్లు చట్టం కాగితం మీద ఊరకే పడుంది. ఒకడు నిలబడ్డాక దానికి కాళ్లొచ్చాయి. ఆ నిలబడ్డవాడికి చట్టం అండ లేకపోతే ఆ పెళ్లిళ్లు చెల్లేవి కావు, ఆ పిల్లలకి ఆస్తి దక్కేది కాదు. అంటే ఏమిటి? తమ ఆడపిల్లల కోసం చట్టం కావాలి. మన బావి దగ్గరికి వచ్చేసరికి మాత్రం హృదయం మారాలి!

మనకి చట్టాలు లేక కాదు. 1924లో ఆర్. వీరయ్యన్ అనే అంటరాని కులాల ప్రతినిధి మద్రాసు శాసనమండలిలో తీర్మానం పెట్టి నెగ్గించాడు. సర్కారు రోడ్లు, బావులు, చెరువులు, కచేరీలు అన్ని కులాలవాళ్లవీ అని ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. అప్పటికి మనమూ మద్రాసు రాజధానిలోనే ఉన్నాం. ఆ ఉత్తర్వుకి నూరేళ్లు దాటింది. 1938లో ఎం.సి. రాజా పూనికతో, బావి దగ్గర, రోడ్డు మీద అడ్డుకోవడం నేరమన్న చట్టం వచ్చింది. 1947లో గుడి ప్రవేశం చట్టం వచ్చింది. 1950 రాజ్యాంగంలో 17వ అధికరణం, 1955లో అంటరానితనం నేరాల చట్టం, 1989లో ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చాయి. చట్టాల వరస చదివితే నాకే ఊపిరాడదు. మరి తాతకి శ్మశానం దారి ఎందుకు లేదు? అక్కడే అమెరికా పనికొస్తుంది.

అమెరికాలో 1861 నుంచి 1865 దాకా అంతర్యుద్ధం జరిగింది. దక్షిణాది రాష్ట్రాల్లో దాదాపు 40 లక్షల మంది నల్లవాళ్లు బానిసలుగా పత్తి చేలల్లో, చెరకు తోటల్లో చాకిరీ చేసేవారు. మన కంబారీలకి కనీసం అమ్ముడుపోయే బాధ లేదు, వాళ్లకి అది కూడా ఉంది. యుద్ధంలో దక్షిణాది ఓడింది. 1865లో 13వ రాజ్యాంగ సవరణతో బానిసత్వం రద్దయింది. 1868లో 14వ సవరణతో పౌరసత్వం, సమాన రక్షణ వచ్చాయి. 1870లో 15వ సవరణతో ఓటు వచ్చింది. అంతటితో ఆగితే అది కూడా మన 1924 ఉత్తర్వులాగే అయ్యేది. కానీ ఈసారి ప్రభుత్వం ఊళ్లల్లోకి వచ్చి కూర్చుంది. విముక్తి పొందినవాళ్ల కోసం ఒక శాఖ పెట్టారు. మన సాంఘిక సంక్షేమ శాఖ లాంటిదనుకోండి, కాకపోతే దాని వెనక పటాలం ఉంది. ఆ శాఖ మనుషులు బడులు పెట్టించారు, దొరకీ కూలీకీ మధ్య ఒప్పందాలు కాగితం మీద రాయించారు, తగాదాలు విన్నారు. బానిసగా ఉన్నప్పుడు చదువుకుంటే శిక్ష పడిన మనుషులు, తాతలూ మనవలూ ఒకే పలక మీద అక్షరాలు దిద్దారు. 1870లో హైరం రెవెల్స్ అనే నల్లజాతి మనిషి మిసిసిపీ రాష్ట్రం నుంచి దేశపు సెనేట్‌లో కూర్చున్నాడు. బానిసత్వం పోయి అయిదేళ్లు! ఆ అయిదేళ్లలో దొరల హృదయాలు మారాయా? ఏమీ మారలేదు. ఊళ్లో పటాలం ఉంది, అంతే.

మన మహాత్మా ఫూలే 1873లో 'గులాంగిరీ' పుస్తకం రాసి, బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకి అంకితం ఇచ్చాడు. పూనాలో కూర్చుని అంత దూరం చూశాడాయన. నా వాళ్లకి కూడా అలాంటి రోజు రావాలని ఆశపడ్డాడు.

కానీ ఒక చోట మొదటే తప్పింది. భూమి దగ్గర. 1865 జనవరిలో షెర్మన్ అనే సేనాని సముద్రం ఒడ్డునున్న దొరల భూములను కుటుంబానికి 40 ఎకరాల దాకా నల్లవాళ్లకి పంచమని ఉత్తర్వు వేశాడు. దాదాపు 40 వేల మంది ఆ భూముల్లోకి దిగి దున్నుకున్నారు. అదే ఏడాది కొత్త అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ దొరలకి క్షమాభిక్ష పెట్టి, భూముల్ని వాళ్లకే తిరిగిచ్చేశాడు. పంట వేసుకున్నవాళ్లని ఖాళీ చేయించారు. పట్టా ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడం మనకేమీ వింత కాదు గనక ఇంతకన్నా చెప్పను. భూమి లేనివాడు మళ్లీ ఆ దొర పొలానికే పాలుకి వెళ్లాడు. ఓటు ఉంది, తిండి గింజలు దొర గాదెలో ఉన్నాయి.

తర్వాత సంగతి జాగ్రత్తగా వినండి. 1873 ఏప్రిల్‌లో లూసియానా రాష్ట్రంలో కోల్‌ఫాక్స్ అనే ఊళ్లో, ఎన్నికల తగాదాలో కచేరీని కాపాడుకుంటున్న నల్లవాళ్లని తెల్లవాళ్ల గుంపు పదుల సంఖ్యలో చంపేసింది. లొంగిపోయినవాళ్లని కూడా వదల్లేదు. కొందరికి శిక్షలు పడ్డాయి. 1876లో అమెరికా సుప్రీం కోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. కారణం చూడండి: రాజ్యాంగ సవరణ రాష్ట్ర ప్రభుత్వాలను కట్టడి చేస్తుంది గాని, ఒక మనిషి ఇంకో మనిషికి చేసిన అన్యాయం దాని కిందికి రాదట. 1877లో రాజకీయ బేరం కుదిరి, దక్షిణాదిలో మిగిలిన పటాలాన్ని కాపలా నుంచి తప్పించారు. హోటళ్లలో, బళ్లలో వివక్ష చూపకూడదన్న 1875 నాటి పౌరహక్కుల చట్టాన్ని 1883లో సుప్రీం కోర్టు చెల్లదంది. 1890 నుంచి ఓటుకి చదువు పరీక్ష, తలపన్ను పెట్టి ఒక్కొక్క రాష్ట్రంలో నల్లవాళ్ల పేర్లు జాబితాల నుంచి తుడిచేశారు. 1896లో అదే కోర్టు, రైల్లో వేరే పెట్టెలో కూర్చోబెట్టడం తప్పు కాదంది. మనుషుల జాతి స్వభావాన్ని చట్టం మార్చలేదని కూడా సెలవిచ్చింది. ఊరి పెద్దలు మనకి చెప్పే మాట ఇదే గదా! 14వ సవరణ, 15వ సవరణ పుస్తకంలో అచ్చుతప్పు లేకుండా అలాగే ఉన్నాయి. కాపలా మాత్రం పోయింది. ఆ స్థితి దాదాపు ఎనభై ఏళ్లు నడిచింది.

ఇదంతా చదివినవాడు మనలో ఒకడున్నాడు. బాబాసాహెబ్ 1913 నుంచి మూడేళ్లు న్యూయార్క్‌లో, కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివాడు. 1947లో రాజ్యాంగ సభ కోసం ఆయన రాసిన 'రాష్ట్రాలు - అల్పసంఖ్యాకులు' పత్రంలో, బహిరంగ స్థలాల్లో వివక్షని నేరంగా పెట్టమని అడుగుతూ, ఇది నల్లవాళ్ల కోసం అమెరికా చేసిన 1866, 1875 చట్టాల నుంచి తీసుకున్నానని చెప్పాడు. అక్కడ కొట్టేసిన చట్టాన్ని ఇక్కడ నాటాడన్న మాట. అమెరికా కోర్టు పట్టుకున్న సందు మన దగ్గర ఉండకూడదని రాజ్యాంగంలో కట్టుదిట్టం చేశారు. 15వ అధికరణంలో దుకాణం, హోటలు, బావి, చెరువు, రోడ్డు అని పేరు పేరునా రాశారు. 17వ అధికరణం సర్కారుకి మాత్రమే కాదు, టీ కొట్టువాడికి కూడా వర్తిస్తుంది. వెలివేతని నేరం చెయ్యాలని కూడా ఆ 1947 పత్రంలోనే ఉంది. 1955 చట్టంలో అది కొంత వచ్చింది. 2016 జనవరి నుంచి అమలైన అత్యాచార చట్ట సవరణలో సాంఘిక, ఆర్థిక బహిష్కారం అని స్పష్టంగా వచ్చింది. కాబట్టి తాతా, అమెరికాతో మనకి పని ఉంది. నీ శ్మశానం దారి కేసులో పెట్టే సెక్షన్ల పుట్టుకలో ఆ నల్లవాళ్ల రక్తం కూడా ఉంది.

మన దగ్గర కాపలా సంగతి చూద్దాం. దూరం వద్దు, వంగర మండలం లక్ష్మీపేట చాలు. అప్పుడు మన శ్రీకాకుళం జిల్లాలోదే, 2022లో జిల్లాలు మార్చినప్పుడు విజయనగరంలోకి వెళ్లింది. మడ్డువలస రిజర్వాయరు కోసం ప్రభుత్వం భూములు తీసుకుంది. అందులో మునగకుండా మిగిలిన భూమిని మన మాలలు సాగు చేసుకున్నారు. నష్టపరిహారం పుచ్చుకున్న భూమి, ప్రభుత్వ భూమి. దళితుడు దాన్ని దున్నితే ఊళ్లో ఆధిపత్య కులానికి కంటగింపయింది. అక్కడ ఆ కులం తూర్పు కాపులు. ప్రభుత్వ జాబితాలో బీసీలే. బీసీ మిత్రులు ఇక్కడ కూర్చున్నారు, వాళ్లని నొప్పించడానికి చెప్పడం లేదు, నిజం గనక చెప్తున్నాను. గొడవలు ముదురుతున్నాయని ఊళ్లో పోలీసు పికెట్ వేశారు. 2012 జూన్ 12న, రాష్ట్రంలో ఉప ఎన్నికలు జరిగిన రోజున, బాంబులతో, గొడ్డళ్లతో, బరిసెలతో పేట మీద పడ్డారు. అయిదుగురు మనవాళ్లు పోయారు. ఆ వేళకి పికెట్ అక్కడ లేదు.

ఆ అయిదుగురి ఇళ్లల్లో అత్యాచార చట్టం పుస్తకం ఉండి ఉంటే ఏం చేసేది? 1877లో నల్లవాడి చేతిలో ఉన్న 14వ సవరణ ఏం చేసిందో అదే చేసేది. భూమి తగాదా తేల్చవలసిన రెవెన్యూ అధికారి ఏళ్ల తరబడి తేల్చకపోతే, ఆ ఖాళీలోకి గొడ్డలి వస్తుంది.

అప్పటి గుంటూరు జిల్లాలోని చుండూరు కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడ మనవాళ్లు ఒక కొత్త పని చేశారు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపారు. మేం కోర్టు కోసం ఊళ్లు తిరగం, కోర్టే మా ఊరికి రావాలని పట్టుపట్టారు. ప్రత్యేక కోర్టు చుండూరులోనే కూర్చుంది. సాక్షులు తమ ఊరి నేల మీద నిలబడి మాట్లాడారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరి శిక్షలూ కొట్టేసింది. కోల్‌ఫాక్స్ తీర్పు పక్కన దీన్ని పెట్టుకుని మీరే చదువుకోండి. పైకోర్టు ఏం చేసినా, కోర్టుని ఊళ్లోకి తెచ్చిన ఆ పట్టుదల మాత్రం నాకు పాఠమే.

ఇక రెండో జవాబు. ప్రభుత్వం వాళ్లది, దాన్నేం అడుగుతాం అన్న మిత్రులది. ఈ మాటకి శ్రీకాకుళంలో బరువుంది. ఈ నేల మీద గిరిజనులు, వాళ్ల వెంట నిలిచిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మాస్టార్లు ప్రాణాలిచ్చారు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్చి చంపిన కోరన్న, మంగన్నల దగ్గర మొదలైన కథ అది. ఆ ఇద్దరు నాయకులూ నాలాగే బడిపంతుళ్లు. వాళ్ల త్యాగం మీద చెయ్యి వేసి మాట్లాడే అర్హత నాకు లేదు. కానీ ఒకటి అడుగుతాను. 1970లో ప్రభుత్వం 1/70 చట్టం తెచ్చింది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుడికి పోకూడదంది. ఎందుకు తెచ్చింది? సావుకారి మీద జాలితోనా, గిరిజనుడి మీద ప్రేమతోనా? కొండల్లో నిప్పు అంటుకుంది గనక తెచ్చింది. తెచ్చినవాడి ఉద్దేశం ఏదైనా కావొచ్చు. యాభై ఏళ్లు దాటాక, కొండ మీది భూమి కోసం పోరాడే సవర, జాతాపు మనిషి ఈనాటికీ చేత పట్టుకునేది ఆ 1/70నే. ప్రభుత్వం వాళ్లదే కావొచ్చు. అందులో ఈ ఒక్క గది మన నెత్తురుతో కట్టింది. దాన్ని వాళ్లకి వదిలేసి బయట నిలబడితే, ఆ గదిలో కూడా వాళ్లే మంచం వేసుకుంటారు.

అమెరికాలోనూ రెండోసారి ప్రభుత్వం తనంతట తాను రాలేదు. 1955 డిసెంబరు నుంచి మాంట్‌గొమరీ ఊళ్లో నల్లవాళ్లు 381 రోజులు బస్సు ఎక్కకుండా నడిచారు. పని మనుషులు, వంట మనుషులు, ముసలమ్మలు చెప్పులరిగేలా నడిచారు. 1957లో లిటిల్ రాక్ పట్నంలో తొమ్మిది మంది నల్ల పిల్లల్ని తెల్లవాళ్ల బళ్లోకి రానీకుండా ఆ రాష్ట్ర గవర్నరు సాయుధ బలగాన్ని నిలబెట్టాడు. అప్పుడు అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పటాలాన్ని పంపాడు. ఆ పిల్లల పక్కన సైనికులు నడిచారు. ఆ అధ్యక్షుడు కూడా మనసుల్ని చట్టంతో మార్చలేమనే రకమే! అయినా పంపక తప్పలేదు. 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం వచ్చాయి. 1965 చట్టంలోని గొప్పతనం ఏటంటే, స్థానిక గుమాస్తా నల్లవాడి పేరు ఓటరు జాబితాలో రాయకపోతే, కేంద్రం పంపిన అధికారి వచ్చి ఆ ఊళ్లోనే బల్ల వేసుకుని రాస్తాడు. మిసిసిపీలో అంతకు ముందు ఓటున్న నల్లవాళ్లు నూటికి ఏడుగురు కూడా లేరు. 1967 కల్లా నూటికి దాదాపు అరవై మంది అయ్యారు. రెండేళ్లలో మిసిసిపీ తెల్లవాళ్ల గుండెలేమైనా కరిగాయంటారా? బల్ల ఎక్కడ వేశారన్నదే తేడా. అదీ శాశ్వతం కాలేదు. ఓటు నియమాలు మార్చాలంటే ఆ రాష్ట్రాలు ముందుగా కేంద్రం అనుమతి తీసుకోవాలన్న కట్టడి ఉండేది. 2013లో సుప్రీం కోర్టు దాన్ని పనిచెయ్యకుండా చేసింది. మన దగ్గర 2018 మార్చి 20న సుప్రీం కోర్టు అత్యాచార చట్టాన్ని నీరుగారిస్తే, ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది, ప్రాణాలు కూడా పోయాయి. ఆగస్టుకల్లా పార్లమెంటు దాన్ని నిలబెట్టక తప్పలేదు. ఈ ఒక్క విషయంలో మనం వాళ్లకన్నా చురుగ్గా ఉన్నాం.

ఇంత పెద్ద కథలు అక్కర్లేదు అనుకుంటే నా బడి సంగతి చెప్తాను. నేను హాస్టలు పిల్లాణ్ణి. మా ఇంట్లో నాకు ముందు డిగ్రీ మొహం చూసినవాళ్లు లేరు. సర్కారు అన్నం తిని, సర్కారు స్కాలర్‌షిప్పుతో చదివి, సర్కారు ఉద్యోగంలో ఉన్నాను, కనక ప్రభుత్వం దండగ అనే మాట నా నోట రాదు. మన రాష్ట్రంలో 2003 జనవరిలో బళ్లలో మధ్యాహ్న భోజనం మొదలైంది. వంటవాళ్ల నియామకంలో దళితులకి, గిరిజనులకి ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు చెప్పింది. నేను పనిచేసిన ఒక ఊళ్లో మన పేట అక్కకి వంట ఇచ్చారు. మర్నాటి నుంచి పెద్దవీధి పిల్లలు క్యారేజీలు తెచ్చుకున్నారు. సగం అన్నం గోలెంలోకి పోయేది. ఆ అక్క కళ్లనీళ్లు పెట్టుకుని, "వద్దు మేస్టారూ, నా వల్ల బడి పాడవుతాది, మానేస్తాను" అంది. ఊరి పెద్దలు వచ్చి కొత్త మనిషిని పెట్టమన్నారు, ఎంతో మర్యాదగానే అడిగారు. అప్పుడున్న మండల విద్యాధికారి ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. ఒక మధ్యాహ్నం వచ్చి పిల్లల వరసలో నేల మీద కూర్చుని, ఆ అక్క చేత వడ్డించుకుని తిన్నాడు. తిన్నాక, వంట మనిషిని మార్చే ప్రసక్తి లేదని పెద్దలకి చెప్పి వెళ్లాడు. ఆ వారం మళ్లీ వచ్చాడు, ఆ నెలలో ఇంకోసారి వచ్చాడు. మూడో నెలకి క్యారేజీలు తగ్గాయి. ఏడాదికి ఒక్కటీ లేదు. ఆయన బదిలీ అయిపోయినా మళ్లీ రాలేదు. తల్లిదండ్రుల మనసులు మారాయో లేదో నేను అడగలేదు. ఆకలేస్తున్న పిల్లాడికి వేడి అన్నం ముందు కులం ఎక్కువ రోజులు ఆగదు, కాకపోతే ఆ కొద్ది రోజులూ ఎవడో ఒకడు కాపు కాయాలి.

మన శ్రీకాకుళం జిల్లా మనిషి జస్టిస్ పున్నయ్య, దళితుడు, హైకోర్టు న్యాయమూర్తిగా చేసినవాడు. అంటరానితనం మీద వేసిన కమిషన్‌గా ఊళ్లు తిరిగి 2001లో ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. రెండు గ్లాసులు, గుడి, బావి, శ్మశానం అన్నీ అందులో ఉన్నాయి. ఇప్పుడు మన రాష్ట్రంలో నెలనెలా 30న సివిల్ రైట్స్ డే అని జరపాలి. తహసీల్దారు, ఎస్సై, ఇతర శాఖల వాళ్లు ఒక ఊరికి వచ్చి, అంటరానితనం ఉందా అని అడగాలి, చట్టం చెప్పాలి. ఎంత మంది చూశారు? చేతులెత్తండి... నలుగురు. సరే, ఆ నలుగురూ చెప్పండి, కుర్చీలు ఎక్కడ వేశారు? పంచాయతీ ఆఫీసు దగ్గర. ఇంకో చోట? సచివాలయంలో. ఇంకో చోట ఒక నాయుడుగారి అరుగు మీద, నేను కళ్లారా చూశాను. జీపు పెద్దవీధిలో ఆగింది, కొబ్బరి నీళ్లు తాగారు. మన పేట వాళ్లు నలుగురు వీధిలో నిలబడ్డారు. "ఇక్కడ అంటరానితనం ఏమైనా ఉందా?" అని ఆ అరుగు మీంచి అడిగితే, ఆ నాయుడుగారి పొలంలోనే కూలికెళ్లే మన మనిషి ఏం చెప్తాడు? "లేదు బాబూ" అన్నాడు. సంతకం తీసుకున్నారు. ఫొటో తీసుకున్నారు. ఆ ఊళ్లో అంటరానితనం లేదని రికార్డయిపోయింది. ఆ సాయంత్రం ఆ ఊరి టీ కొట్టులో మనకి ప్లాస్టిక్ గ్లాసు, వాళ్లకి గాజు గ్లాసు. ఇదివరకు రెండు గ్లాసులు వేరేగా కనపడేవి, ఇప్పుడు శుభ్రత పేరు పెట్టారు.

చట్టంలో ఉన్నవి నాలుగు గుర్తుపెట్టుకోండి, పెద్ద పుస్తకం అక్కర్లేదు. అత్యాచారం కేసు దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తక్కువ కానివాడు చెయ్యాలి. అరవై రోజుల్లో ఛార్జిషీటు వెయ్యాలి. విధి నిర్వహణలో కావాలని అలసత్వం చూపిన అధికారి మీద 4వ సెక్షన్ ఉంది, ఆ అధికారి దళితుడో గిరిజనుడో అయితే తప్ప. ఆ మినహాయింపు ఎందుకు పెట్టారో తర్వాత మాట్లాడుకుందాం, దాని మీద నాకూ చికాకు ఉంది. కలెక్టరు అధ్యక్షతన జిల్లా నిఘా, పర్యవేక్షణ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. కూర్చుందా, మినిట్స్ ఏవి అని సమాచార హక్కు కింద అడగొచ్చు. కేసు పెట్టగానే ఎదురు కేసు వస్తుంది, రాజీ మాట వస్తుంది, పనుల్లోంచి తీసేస్తారు. ఆ మూడూ వస్తాయని ముందే తెలిస్తే మనిషి బెదరడు. అప్పుడు ఆ కుటుంబానికి బియ్యం ఎవరిస్తారన్నది సంఘం ముందుగా తేల్చుకోవాలి. మాంట్‌గొమరీలో నడిచినవాళ్లకి కార్లు, తిండి, డబ్బు వాళ్ల చర్చిలే సమకూర్చాయి. అది లేకపోతే 381 రోజులు కాదు, పదిరోజులు కూడా నడవలేరు.

తాత అడిగిన శ్మశానం దారి సంగతి. అది సర్వే నంబరులో దారిగానే ఉందని వీఆర్వో నోటి మాట. నోటి మాట వద్దు, గ్రామ పటం నకలు, అడంగల్ తీసుకుందాం. సోమవారం స్పందన అర్జీల రోజు అని పాత అలవాటుగా అంటున్నాం. ఇప్పుడు దాని పేరు ఏదైతేనేం, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ తీసుకుంటారు. ఇద్దరు తాతతో వెళ్లండి, రసీదు లేకుండా తిరిగి రావొద్దు. ఇంకో కాగితం తహసీల్దారు గారికి నేను రాసుకొచ్చాను: ఈ నెల 30న సివిల్ రైట్స్ డే తాత ఊళ్లో పెట్టాలి, కుర్చీలు పేటలో రాములవారి మందిరం ముందు వెయ్యాలి, టీ మన ఇళ్లల్లోది తాగాలి, తర్వాత అందరం కలిసి ఆ దారి వెంట శ్మశానం దాకా నడవాలి. దారి ఎక్కడ మూసి ఉందో అధికారి తన కాళ్లతో చూడాలి. సంతకాలకి కాగితం ఆ చివర నుంచి పంపుతున్నాను. రాయడం రానివాళ్లు వేలిముద్ర వెయ్యొచ్చు, పక్కన పేరు మన పిల్లలు రాస్తారు. ఆడవాళ్ల సంతకాలు ముందు వరసలో ఉండాలి. కుర్చీలు ఆరు సరిపోతాయి, వాటిని తేవడం పేట కుర్రాళ్ల పని.